బల్ల కింది గొంతు

మనుషులు నోటితో కంటే నడుముతో ఎక్కువ అబద్ధాలాడతారని టేపు అత్త నమ్మకం. నడుము చుట్టూ టేపు వేయగానే ఎంతటి పెద్దమనిషైనా ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటాడు. ఆ కొలతకి కుట్టిన ప్యాంటు వారం తిరక్కుండా వెనక్కి వస్తుంది, మాట పడేది దర్జీ. అందుకని ఆమె ముందు భుజాలు కొలుస్తుంది, చేతి పొడవు కొలుస్తుంది, పిల్లలు ఏ క్లాసుకొచ్చారని అడుగుతుంది. వాళ్ళు పిల్లల గొప్పలు చెప్పుకుంటూ ఊపిరి వదిలేసినప్పుడు చూసి నడుము పని ముగించేస్తుంది. కొలిచిన సంగతి కూడా వాళ్ళకి తెలియదు. ఈ విద్య ఆమెకి వాళ్ళమ్మ నేర్పింది.

నలభై నాలుగేళ్ళ మనిషి. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి తీరిక దొరకలేదని చెప్పేది, అందులో సగం నిజం. మెడలో టేపు లేకుండా ఆమెని చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు. పిల్లలే కాదు, ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా టేపు అత్తనే పిలుస్తారు. ఇంటి ముందుగదే కుట్టు గది. కిటికీ పక్కన ఒక మిషను, గోడ పక్కన ఒక మిషను, మధ్యలో బట్ట కత్తిరించే పెద్ద బల్ల, మూలన తలా చేతులూ లేని బట్టల బొమ్మ. గోడ పక్క మిషను ఆమెది, కిటికీ పక్కది వాళ్ళమ్మది. ఇరవై ఆరేళ్ళు తల్లీ కూతుళ్ళు ఒకరివైపు ఒకరు వీపు పెట్టి కూర్చుని, మాట్లాడుకుంటూ కుట్టారు. మొహాలు చూసుకోవాల్సిన అవసరం వాళ్ళకి రాలేదు. అందుకే అమ్మంటే ఆమెకి ముందు గొంతు, ఆ తర్వాతే మనిషి.

ఆ గొంతు ఒకనాడు ఆగిపోయింది. అమ్మకి రోగం ముదిరిన సంగతి ఆఖరి వారం దాకా టేపు అత్తకి తెలియదు. వయసు మీద పడింది, నడుం లాగుతోంది అని అమ్మంటే నమ్మింది. మధ్యాహ్నాలు అమ్మ లోపలి గదిలో పడుకునేది, పక్కన మనవరాలు ఉండేది. ఈమె మాత్రం స్కూలు యూనిఫారాల గడువు తరుముతుంటే ముందుగదిలో మిషను తొక్కుతూ ఉండిపోయింది. వీధి వీధంతా దాచుకున్న పొట్టలు పట్టేసిన మనిషి, కన్నతల్లి దాచుకున్న నొప్పిని పట్టలేకపోయింది. ఆ మాట ఆమెని ఎవరూ అనలేదు. తనే తనని రోజూ అనుకునేది.

ఆ మనవరాలు అన్నయ్య కూతురు. ఇంట్లో దాన్ని గుండీ అనేవాళ్ళు, ఎందుకంటే దానికి చొక్కా గుండీల డబ్బా ఒకటి ముందు పెడితే ఇంకేమీ అక్కర్లేదు. బల్ల కింద కూర్చుని రంగు వారీగా, రంధ్రాల వారీగా సర్దుకుంటూ పొద్దు గడిపేది. అన్నయ్య బస్సు డ్రైవరు, వదిన పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తుంది, కాబట్టి పగలంతా గుండీ అత్త దగ్గరే. రెండేళ్ళు నిండినా మాట రాలేదు. మూడేళ్ళు నిండాయి, అప్పుడూ లేదు. చెవులు పరీక్ష చేయించారు, చెవులు శుభ్రంగా వినపడుతున్నాయన్నారు. వాళ్ళ నాన్నకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయి లెండి అని చుట్టాలు సర్దిచెప్పారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ దాని గడ్డం పట్టుకుని అమ్మ అను, అత్త అను అని పరీక్ష పెట్టడం, అది మొహం తిప్పేసుకోవడం, వాళ్ళు పెదవి విరిచి వెళ్ళడం మామూలైపోయింది.

అమ్మ పోయిన నాలుగు నెలలకి, ఒక మధ్యాహ్నం మూడింటి వేళ, టేపు అత్త తెల్లగౌను అంచు కుడుతోంది. వీధిలో అలికిడి లేదు. ఫ్యాను తిరిగినప్పుడల్లా బొమ్మకి తొడిగిన కోటు చేయి కొంచెం కదులుతోంది. వీపు వెనకాల ఎవరో గొంతు సవరించుకున్నారు. రెండు పొట్టి దగ్గులు. తర్వాత మాట.

"ఏమే, దారం తెగింది. చూసుకోవే."

"చూశానమ్మా," అంది టేపు అత్త అలవాటుగా, తల తిప్పకుండానే. నిజంగానే దారం తెగింది. జానెడు మేర సూది ఉత్తినే పొడుచుకుంటూ పోయింది. మిషను ఆపి, దారం మళ్ళీ సూదిలోకి ఎక్కించి, ముడేస్తుండగా ఒళ్ళు ఝల్లుమంది. వెనక్కి తిరగడానికి ధైర్యం చాల్లేదు. చివరికి తిరిగితే కిటికీ పక్క మిషను ముందు కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల కింద గుండీ నాలుగు రంధ్రాల గుండీలన్నీ ఒక వరసలో పేరుస్తోంది. అప్పటిదాకా నోట మాటే రాని పిల్ల, దగ్గుతో సహా చచ్చిపోయిన మనిషిలా పలికింది.

ఆ మధ్యాహ్నంతో మొదలై మాటలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. "నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావే?" అనేది. "ఎవరో వచ్చారు, తలుపు తియ్యి" అనేది. "లైటు తీసెయ్యవే, కళ్ళు మండుతున్నాయి" అనేది. ప్రతి మాటా పూర్తి వాక్యం, ప్రతి వాక్యమూ అమ్మది, ఆ సాగదీత, ఆ విసుగు, మధ్యలో ఊపిరి ఆగే చోటుతో సహా. వదిన మొదటిసారి విన్నప్పుడు భుజాన ఉన్న సంచీ జారి కిందపడింది. అన్నయ్య ఇదంతా ఆడవాళ్ళ భ్రమ అని కొట్టిపారేశాడు. మర్నాడు డ్యూటీ దిగి గడపలో అడుగు పెట్టీ పెట్టగానే బల్ల కింద నుంచి "ఒరేయ్, చేతులు కడుక్కున్నావా?" అని వినపడింది. యాభై ఏళ్ళ మనిషి నేరుగా వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాడు.

వీధిలో చెవులు కొరుక్కోవడాలు మొదలయ్యాయి. ముసలావిడ వెళ్ళలేదట, పిల్లలో ఉందట అన్నారు. కుట్టు పని లేనివాళ్ళు కూడా ఏదో చిరుగు వెతుక్కుని మరీ వచ్చేవాళ్ళు. ఎదురింటాయన అయితే, మీ అమ్మగారు నా కోటు ఎడమ చేయి పొట్టిగా కుట్టారు, ఆ సంగతి ఇప్పుడు అడగొచ్చా అని వాకబు చేశాడు. ఆయనకి కోటు బాధ తప్ప దయ్యం భయం లేదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నవ్వలేనిది తర్వాత జరిగింది. ఇంట్లోవాళ్ళు ముసలావిడకి జవాబివ్వడం మొదలుపెట్టారు. కన్నకూతురి ముందు చేతులు కట్టుకుని నిలబడి వదిన, "అత్తయ్యా, మీకేం కావాలండీ?" అనేది. పిల్లని అమ్మ కుర్చీలో కూర్చోబెట్టారు, అమ్మ శాలువా కప్పారు, కళ్ళజోడు అడిగిందని అమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టారు. అది ఆ కళ్ళజోడుని కిందకి తోసేసి, బల్లకింద ఏదో వెతుక్కుంటూ ఏడ్చేది. అమ్మకి కోపమొచ్చిందనుకుని అందరూ బిక్కచచ్చిపోయేవాళ్ళు. గుండీ అనే పిల్ల ఆ ఇంట్లో కొద్దికొద్దిగా కనపడకుండా పోయింది. దాని పేరు పెట్టి దాన్ని పిలిచి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు.

టేపు అత్త సంగతి వేరు. ఆమెకి భయం రెండు రోజుల్లో తీరిపోయింది, తర్వాత మిగిలింది సంతోషం. ఉన్నమాట చెప్పుకోవాలి కదా. మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని ఎదురుచూసేది. మూడయ్యేసరికి మిషను నెమ్మదిగా తొక్కేది, వెనక నుంచి వచ్చే మాట వినపడాలని. మళ్ళీ వీపు వెనక అమ్మ ఉంది. మనిషి లేకపోతేనేం, ఆమె ఎప్పుడూ తిరిగి చూసేది కాదుగా.

గుండీకి ఐదేళ్ళొచ్చాయి. బడిలో చేర్చడానికి తీసుకెళితే అక్కడి పెద్దటీచరు పిల్లని గంటసేపు చూసి, చేర్చుకుంటాం గానీ ముందు ఆసుపత్రిలో మాటల టీచరుకి చూపించండి, ఆలస్యం చేయకండి అని చీటీ రాసిచ్చింది. వదినా టేపు అత్తా కలిసి వెళ్ళారు. మాటల టీచరంటే వీళ్ళు ఊహించుకున్నది వేరు. అక్కడున్నది పాతికేళ్ళ అమ్మాయి. వేసుకున్న తెల్లకోటుకి కింది గుండీ ఊడిపోయి దారం వేలాడుతోంది, టేపు అత్త కళ్ళు ముందు దానిమీదే పడ్డాయి.

ఆ అమ్మాయి అమ్మ అను, అత్త అను అనలేదు. అసలేమీ అడగలేదు. నేలమీద చతికిలబడి, గుండీ తెచ్చుకున్న డబ్బాలోంచి కొన్ని గుండీలు తీసుకుని తనూ పేర్చుకుంటూ కూర్చుంది. పిల్ల ఎటు చూస్తే అటు చూసింది. అప్పుడప్పుడూ తనలో తను అనుకుంటున్నట్టు, "ఎర్రది దొరికింది" అనేది, అంతే. అరగంట గడిచింది. వదినకి విసుగొచ్చింది కానీ టేపు అత్తకి అర్థమైంది. ఊపిరి బిగబట్టిన మనిషిని కొలవకూడదని ఈ అమ్మాయికీ ఎవరో నేర్పారు.

"ఎవరో వచ్చారు, తలుపు తియ్యి," అంది గుండీ ఉన్నట్టుండి, రెండు పొట్టి దగ్గుల తర్వాత.

వదిన మొహం పాలిపోయింది. మాటల టీచరు మాత్రం లేచి వెళ్ళి తలుపు తీసింది. వరండాలో ఎవరూ లేరు. గుండీ లేచి చక్కా నడుచుకుంటూ బయటికెళ్ళి, గాలికి నిలబడి, స్థిమితపడింది.

"బయటికి వెళ్ళాలని అడిగింది," అంది ఆ అమ్మాయి.

తర్వాత ఆమె అంతా నిదానంగా, విడమరిచి చెప్పింది. చెవులు బాగుండి, తెలివి ఉండి కూడా కొంతమంది పిల్లలకి భాష పట్టుబడడం కష్టమవుతుంది. ఇది ఎవరి పెంపకంలోనో తప్పు జరిగి వచ్చేది కాదు. అందులో కొందరు ఒక్కొక్క మాట ఏరుకోరు, ఎక్కడో గట్టిగా మనసుకి తగిలిన వాక్యాన్ని గొంతుతో సహా మొత్తంగా ఎత్తేసుకుంటారు. ఆ వాక్యం విన్నప్పుడు ఏం జరుగుతోందో, వాళ్ళకి దాని అర్థం అదే. నాయనమ్మ తలుపు తియ్యమన్నప్పుడల్లా తలుపు తెరుచుకుంది, బయట కనపడింది, కాబట్టి బయటికి పోవాలంటే ఆ వాక్యమే వాడుతోంది. రెడీమేడ్ చొక్కాలన్నమాట అంది టేపు అత్త, బట్ట కత్తిరించి కుట్టుకోవడం ఇంకా రాలేదు దానికి. ఆ అమ్మాయి నవ్వి, సరిగ్గా అదే, కత్తిరించడం మెల్లిగా నేర్పొచ్చు అంది. పరీక్షలు పెట్టడం మానమంది. పిల్ల అన్న ప్రతి వాక్యమూ రాసిపెట్టమంది, అనేముందు ఏం జరిగింది, అన్నాక ఏం జరిగితే ఊరుకుంది, ఎటు చూసింది, అన్నీ.

లేచేటప్పుడు వదిన, అత్తయ్య మాటలకి మేం జవాబు చెప్పకపోతే తప్పు కాదా అని గొణిగింది. మాటల టీచరు గుండీ వైపు చూపించింది.

"మీరందరూ నాయనమ్మగారికి జవాబిస్తున్నారు. అడుగుతున్నది పిల్ల. పిల్లకి జవాబెవరిస్తున్నారండీ?"

టేపు అత్త తలదించుకుంది. ఆ కోటు విప్పించి, సంచీలోంచి సూదీ దారం తీసి, ఊడిన గుండీ కుట్టి మరీ వచ్చింది. చేతులకి ఏదో ఒక పని లేకపోతే అక్కడ ఏడ్చేసేదే.

రాయడానికి వేరే పుస్తకం కొనలేదు, కొలతల పుస్తకంలోనే వెనక పేజీలు తీశారు. ముందు పేజీల్లో భుజం, ఛాతీ, నడుము. వెనక పేజీల్లో వాక్యం, ముందు జరిగింది, తర్వాత జరిగింది. పగలు టేపు అత్త రాసేది, సాయంత్రం వదిన రాసేది. పదిహేను రోజుల్లోనే లెక్క తేలడం మొదలైంది. కళ్ళజోడు ఎక్కడ పెట్టావంటే ఏదో గుండీ దొర్లిపోయింది, వెతికిపెట్టమని. లైటు తీసెయ్యమంటే గదిలో జనం ఎక్కువయ్యారని. దారం తెగిందంటే ఏదో శబ్దం మారిందని, దాని చెవి అంత పదును. చేతులు కడుక్కున్నావా అంటే నాన్న వచ్చాడు అని, అంతే. అన్నయ్య ఆ సంగతి తెలిశాక గడపలోనే నిలబడి, "నాన్న వచ్చాడు, గుండీ" అన్నాడు. పిల్ల తలెత్తి అతని మొహంలోకి చూసింది. అతను ఆ సాయంత్రం చాలాసార్లు బయటికెళ్ళి మళ్ళీ లోపలికి వచ్చాడు.

ఒక్క వాక్యానికి మాత్రం లెక్క తేలలేదు. "కిటికీ దగ్గర నిలబడింది ఎవరే?" అనేది గుండీ, అప్పుడప్పుడూ, ఆరింటి లోపు, వెలుతురు బాగా ఉండగానే. కిటికీ దగ్గర ఎవరూ ఉండరు. అనేముందు ఏమీ జరగదు, అన్నాక ఎవరేం చేసినా అది ఆ కిటికీ వంక నుంచి చూపు తిప్పదు. అమ్మ ఆ మాట ఎప్పుడందో ఎవరికీ జ్ఞాపకం లేదు. పుస్తకంలో ఆ వాక్యానికి ఎదురుగా రెండు గడులూ ఖాళీగా వదిలేశారు.

అంతా దారిన పడుతోంది అనుకుంటున్నారు కదా. అలా పడనివ్వకపోవడంలో టేపు అత్త చెయ్యి ఉంది. వదినా అన్నయ్యా ఇంట్లో ఉన్నంతసేపూ ఆమె మాటల టీచరు చెప్పినట్టే నడుచుకునేది. వాళ్ళు పనికి వెళ్ళాక, మధ్యాహ్నం మూడింటికి, గోడ వైపు తిరిగి కూర్చుని, వెనక నుంచి వచ్చిన మాటకి "ఆఁ అమ్మా" అనేది. "ఇవాళ పని ఎక్కువగా ఉందమ్మా" అనేది. ఆ మాటలు పుస్తకంలో రాసేది కాదు. రోజు మొత్తం మీద రెండు మాటలు, దానికి ఎవరికేం నష్టం అని తనకి తనే నచ్చజెప్పుకుంది. తల్లి గొంతు చెవిన పడుతుంటే చెవులు మూసుకోగలిగేంత గట్టి మనిషి కాదామె. నేనైనా కాను.

ఒక సోమవారం మధ్యాహ్నం వెనక నుంచి అంతవరకూ ఆమె విననిది వినపడింది.

"దానికి చెప్పకు. బెంగపెట్టుకుంటుంది."

గొంతు అమ్మదే కానీ ఆ అమ్మని టేపు అత్త ఎరగదు. పళ్ళ బిగువున, ఊపిరి కూడదీసుకుని, పక్కనున్నవాళ్ళకి మాత్రమే వినపడేలా అన్న మాట. అమ్మ అన్నయ్యతో తన గురించి మాట్లాడేటప్పుడు 'అది', 'దానికి' అనే అనేది. అంటే తనకి చెప్పొద్దని ఎవరికో చెబుతోంది. ఎవరికి? గదిలో ఉన్నది తనూ, పిల్లా, తల లేని బొమ్మా. అయినా తిరిగి చూడలేదు.

"ఏం చెప్పకూడదమ్మా?" అంది గోడవైపే చూస్తూ.

జవాబు రాలేదు. మంగళవారం అదే వాక్యం నాలుగుసార్లు వచ్చింది. బుధవారం లెక్కే లేదు. టేపు అత్తకి ఇక మిషను మీద మనసు నిలవలేదు. ఏడాదిగా తనని తొలిచేస్తున్న ప్రశ్నకి జవాబు ఆ బల్లకింద ఉందనిపించింది. అమ్మ ఏదో దాచింది, ఇప్పుడు చెప్పబోతోంది. పిల్లని ఎత్తి అమ్మ కుర్చీలో కూర్చోబెట్టి, ముందు మోకాళ్ళమీద కూర్చుని, ఎవరికి చెప్పొద్దన్నావు, ఏం దాచావు, ఇప్పుడైనా చెప్పవా అని ఒకటికి పదిసార్లు బతిమాలింది. కుర్చీలో ఉన్నది చెంపకి చెయ్యి గట్టిగా ఆనించుకుని ముందుకీ వెనక్కీ ఊగుతూ అదే మాట అంటోంది. అమ్మ కూడా అలాగే, ఆలోచనలో పడితే చెంపకి చెయ్యి ఆనించుకునేది. అచ్చం అమ్మే అనుకుంది టేపు అత్త. ఆ మూడు సాయంత్రాలూ వదిన వచ్చేసరికి పిల్ల అలిసి నిద్రపోయి ఉండేది, సరిగా పాలు తాగలేదని మాత్రం టేపు అత్త చెప్పింది.

గురువారం పొద్దున్న వదిన పిలుపుకి లోపలికి వెళ్ళేసరికి గుండీ దిండు మీద పసుపుపచ్చగా తడి మరక, అందులో సన్నగా నెత్తురు చార. ఒళ్ళు కాలిపోతోంది. అన్నయ్య బస్సు డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి పరుగున వచ్చాడు. ఆసుపత్రిలో చెవి డాక్టరు లైటు వేసి చూసి, చెవిలోపల చీము పట్టి పొర పగిలిందన్నాడు. మందులు వాడితే పొర మళ్ళీ కట్టుకుంటుంది, వినికిడికి భయం లేదు, కానీ ఇది ఒక రోజులో అయ్యేది కాదు, మూడు రోజులుగా పిల్ల నరకం చూసి ఉంటుంది అన్నాడు. ఇంత నొప్పి ఉంటే మీకెవరికీ చెప్పలేదా అని అడిగాడు. దానికి మాటలు రావండీ అని వదిన కళ్ళొత్తుకుంది.

నర్సు సూది మందు తెచ్చింది. సూది దిగగానే గుండీ ఒళ్ళు బిగదీసుకుంది. పళ్ళ బిగువున, ఊపిరి కూడదీసుకుని అంది:

"దానికి చెప్పకు. బెంగపెట్టుకుంటుంది."

టేపు అత్త మంచం చట్రాన్ని పట్టుకుంది. సంచీలో కొలతల పుస్తకం ఉంది. తీసి వెనక పేజీలు తిప్పింది. ఆ వాక్యం అందులో ఒక్కచోటే ఉంది, నెల కిందట, వదిన చేతిరాతతో. ముందు జరిగింది: మెట్టు మీద జారి మోకాలు దోక్కుపోయింది. తర్వాత జరిగింది: ఊదితే ఊరుకుంది. ఆ పేజీ ఒక్కసారి తిరగేసినా చాలు, సోమవారమే తెలిసిపోయేది. కానీ సోమ, మంగళ, బుధవారాలకి పుస్తకంలో ఏమీ లేదు. ఆమె రాయలేదు కాబట్టి లేదు.

"చెప్పింది డాక్టరుగారూ," అంది. "మూడు రోజులుగా చెబుతూనే ఉంది. నేనే ఇంకొకరి మాట వింటూ కూర్చున్నాను."

వరండాలో బెంచీ మీద అన్నయ్య తల వంచుకుని కూర్చున్నాడు. ఆ వాక్యం గుండీ నోట అతను ఇంటి దగ్గర ఎప్పుడూ వినలేదు, ఇక్కడే మొదటిసారి విన్నాడు. చివరికి చెప్పాడు. ఆఖరి నెలల్లో మధ్యాహ్నం షిఫ్టు లేని రోజు అమ్మ దగ్గర కూర్చునేవాడు. నొప్పి వచ్చినప్పుడు అమ్మ అతని చెయ్యి నలిపేస్తూ ఆ మాటే అనేది, ప్రతిసారీ. పక్కన గుండీ పడుకుని ఉండేది. అవతల గదిలో చెల్లెలి మిషను చప్పుడు వినపడుతూ ఉండేది.

"ఒట్టు వేయించుకుందే నా చేత. నువ్వు తట్టుకోలేవంది."

టేపు అత్తకి ముందు కోపం వచ్చింది. అన్నయ్య మీద, అమ్మ మీద, పెద్ద ఉపకారం చేసినట్టు తనని బయట కూర్చోబెట్టిన ఆ ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. తర్వాత, ఆ గదిలో అమ్మ నొప్పిని దగ్గరుండి విన్నవాళ్ళలో నాలుగేళ్ళ పిల్ల కూడా ఉందని తట్టింది. నొప్పి వస్తే ఏమనాలో ఆ పిల్లకి తెలిసింది అక్కడే. ఎవరికీ చెప్పొద్దు అనేదే దానికి దొరికిన మాట. ఇది తలుచుకున్నాక ఆమె కోపం ఇక ఎవరిమీదా నిలవలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చింది, అన్నయ్య పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

ఇంటికొచ్చాక మూడు రోజుల మాటలూ పుస్తకంలో రాసింది, తను ఏం జవాబిచ్చిందో కూడా దాచకుండా. దాన్ని మాటల టీచరు ముందు పెట్టింది. ఆ అమ్మాయి చదివి, తిట్టలేదు. మీ చెవికి తెలిసిన గొంతు అది, కష్టమే అంది. ఇక నొప్పికి పిల్లకి ఇంకో వాక్యం ఇద్దాం, ఎప్పుడు చిన్న దెబ్బ తగిలినా పిల్ల తరఫున మీరే అనండి, దాన్ని అనమని అడగొద్దు, అంటుందా అని మొహంలోకి చూడొద్దు, అంటూ ఉండండి, నెలలు పట్టొచ్చు అని చెప్పింది.

టేపు అత్త ఆ సాయంత్రమే అన్నయ్య చేత గోడ పక్క మిషను జరిపించింది. ఇప్పుడది బల్ల వైపు తిరిగి ఉంటుంది, కుట్టుకుంటూ కొంచెం వంగితే చాలు గుండీ మొహం కనిపిస్తుంది. ఇన్నాళ్ళూ మొహం చూడకుండా మాట్లాడిన మనిషికి అది అలవాటవడానికి చాలా కాలం పట్టింది. పిల్ల వేలు డబ్బా మూతలో నలిగితే, "నొప్పిగా ఉంది, అత్తకి చెబుదాం" అని తనే అనేది. తనకి సూది గుచ్చుకున్నా అదే అనేది. కొలతలివ్వడానికి వచ్చిన ఎదురింటాయన కాలు బల్లకి తగిలితే ఆయన తరఫున కూడా అదే అనేసింది. ఆయన ఎవరా అత్త అని అటూ ఇటూ చూశాడు.

గుండీ బడికి పోతోంది, సగం పూట. అక్కడ దాని టీచరు దగ్గర కూడా ఒక పుస్తకం ఉంది. అమ్మ వాక్యాలు ఒక్కొక్కటే చిన్నవై, ముక్కలై, వేరే ముక్కలతో అతుక్కుంటున్నాయి. "నాన్న ఎక్కడ పెట్టావే" అంటుంది ఒకసారి. "తలుపు కళ్ళు మండుతున్నాయి" అంటుంది ఇంకోసారి. కత్తెర చేతికొచ్చిందండీ, కుట్లే వంకర అని టేపు అత్త మాటల టీచరుకి చెప్పింది. ఆ మాట చెబుతున్నప్పుడు సంతోషించింది. ఇంటికొచ్చాక దిగులుపడింది. కుట్టు విప్పిన ప్రతి వాక్యంలోంచీ అమ్మ కొంచెం కొంచెంగా జారిపోతోంది, విప్పుతున్నది తనే.

ఏడు నెలలు గడిచాయి. మళ్ళీ ఒక మధ్యాహ్నం, మళ్ళీ మూడింటి వేళ. వీధిలో అలికిడి లేదు. టేపు అత్త కాలరు తిప్పి పట్టుకుని గుండుసూదులు పెడుతోంది, ఒక సూది చేజారి బల్ల కిందకి పోయింది. చటుక్కున ఊపిరి పీల్చిన చప్పుడు వినపడింది. ఆమెకి తెలుసు ఇప్పుడేం వస్తుందో. ముందు గొంతు సవరించుకోవడం, తర్వాత పళ్ళ బిగువున ఆ మాట. చెవులు రిక్కించింది. వద్దనుకుంటూనే, రావాలని కోరుకుంది.

"నొప్పి. అత్తకి చెప్పు."

టేపు అత్త గదిలోకి ఎవరో వచ్చారనుకుంది. ఆ గొంతు ఆమె ఎన్నడూ విన్నది కాదు. సన్నగా, కొంచెం ముక్కుతో, చివర్లో పైకి లేస్తూ ఉంది. అమ్మది కాదు, వదినది కాదు, తనది కాదు. తలుపు వంక చూసింది, కిటికీ వంక చూసింది, బొమ్మ వంక కూడా చూసింది. అప్పుడు వంగి బల్ల కిందకి చూస్తే గుండీ తన వేలు ముందుకి చాపి, ఆమె కళ్ళలోకి చూస్తోంది. వేలి చివర నెత్తుటి బొట్టు. ఐదేళ్ళ తొమ్మిది నెలల పిల్ల గొంతు ఎలా ఉంటుందో ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

టేపు అత్త మెడలో టేపుతోనే నేలమీద పాకి బల్ల కిందకి దూరింది. వేలు పట్టుకుని ఊదింది.

"చెప్పావు కదా తల్లీ. విన్నాను."

ఆమె అక్కడే, గుండీల మధ్య, పొద్దు వాలేదాకా కూర్చుండిపోయింది. కాలరు పని అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ ఆరింటి లోపు గుండీ ఒక్కోసారి ఆ కిటికీ వంక చూసి, అక్కడ నిలబడింది ఎవరని అడుగుతుంది, పుస్తకంలో ఆ రెండు గడులూ ఇంకా ఖాళీగానే ఉన్నాయి. నొప్పి మాట మాత్రం అమ్మ గొంతుతో ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. మధ్యాహ్నం మూడింటికి టేపు అత్త మిషను ఆపి కాసేపు వింటూ ఉంటుంది, అబద్ధమెందుకు. బల్ల కింద గుండీ తన గొంతుతో గుండీలు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది.